ముందు మూత

పాలు విరిగిపోతే ఎవరికైనా తెలుస్తుంది. విరగబోతున్నాయని పూట ముందే తెలియాలంటే మాత్రం ముక్కమ్మ రావాలి. అది ఆమె అసలు పేరు కాదు. పాలకేంద్రంలో క్యాన్లు దించే మగవాళ్ళు పెట్టిన పేరు. మొదట్లో వెనకాల అనేవాళ్ళు, తర్వాత ఎదురుగానే అన్నారు, చివరికి హాజరు పట్టీలో కూడా ఎవడో అదే రాసేశాడు. ఆమె కొట్టివేయలేదు. ఆ పేరే నిలిచిపోయింది.

పందొమ్మిదేళ్ళు ఆమె చేసిన పని చూడ్డానికి చాలా చిన్నది. వరసగా దించిన క్యాన్ల ముందు నిలబడి, మూత ఎత్తి, ఆ మూత లోపలివైపు ముక్కు దగ్గర పెట్టుకునేది. పాలు కాదు, మూత. దారంతా క్యాను ఊగి ఊగి లోపలి వాసన మొత్తం మూతకి పట్టి ఉంటుంది. ఒక్కసారి పీల్చి, 'పోనీ' అంటే లోపలికి, 'పక్కన' అంటే పక్కకి. క్యాను ఆరకుండానే మూత బిగించారా, పితికిన చెయ్యి అంతకుముందు ఏం ముట్టుకుంది, ఆవు ఏ గడ్డి మేసింది అన్నీ చెప్పేసేది. పక్కన పెట్టించుకున్నవాడు ఒంటికాలి మీద లేచేవాడు. "నా పాలకేం వచ్చింది?" అని అరిచేవాడు. ఆమె మూత వాడి ముక్కు దగ్గర పెట్టేది. వాడు కాస్త ఆగి, తల గోక్కుంటూ క్యాను ఎత్తుకుపోయేవాడు.

ఎనిమిది నెలల కిందట కేంద్రం మూతపడింది. ఊరూరూ తిరిగి పాలు తెచ్చుకునే ట్యాంకర్లు వచ్చాక క్యాన్లతో పనేముంది? ముక్కమ్మ బట్టలకొట్లో అడిగింది, బడిలో వంటగదికి అడిగింది. ఒకచోట వయసన్నారు, ఒకచోట అనుభవమన్నారు. నలభై ఆరేళ్ళ మనిషి, ఇంట్లో పొయ్యి ముందు నిలబడి, ముక్కుతో ఏం చెయ్యాలో తెలియక, మొగుడు పనిచేసే ముందుగదిలోంచి వచ్చే వార్నిష్ వాసన పీలుస్తూ రోజులు వెళ్ళదీసింది. ఆయన కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే మనిషి. చుట్టిన తీగకి వార్నిష్ పూస్తాడు. ఇల్లంతా అదే వాసన.

ఒక శనివారం సాయంత్రం ఆడపడుచు ఫోను చేత్తో పట్టుకుని గుమ్మంలోంచే కేకేసింది. రెండు వీధుల అవతల ఉంటుంది. కంపెనీలకి మనుషుల్ని వెతికిపెట్టే ఆఫీసులో పని.

"వదినా, నీ కోసమే వేసినట్టు వేశారు చూడు! పాలు దించుకునే చోట, వాసన, రుచి పరీక్షకి అనుభవమున్నవాళ్ళు కావాలిట. పెద్ద డెయిరీ. వచ్చే బుధవారం కాదు, ఆపై బుధవారం ఇంటర్వ్యూ."

ముక్కమ్మ ఫోను తీసుకుని మూడుసార్లు చదివింది. ముక్కు కావాలని అడిగిన ప్రకటన ఆమె ఇంతవరకూ చూడలేదు. ఇంకోసారి చూస్తుందన్న ఆశా లేదు. పొయ్యి మీద గిన్నె మాడుతున్న వాసన మొట్టమొదటిసారి ఆమె కంటే ముందు మొగుడికి తెలిసింది.

మర్నాడు పొద్దున్నే ఆడపడుచు ఆరు కాగితాలు అచ్చు తీసి తెచ్చింది. 

"ఇవి బట్టీ పట్టు. కంపెనీ గురించి ముందే తెలుసుకుని వెళ్ళాలి. వాళ్ళు అడిగే మొదటి ప్రశ్నే అది, 'మా సంస్థ గురించి మీకేం తెలుసు?' అని. తెల్లమొహం వేశావో, అక్కడితో సరి."

"ఏముంది ఇందులో?"

"పెద్దాయన రెండు ఆవులతో మొదలుపెట్టాడు. ఇప్పుడు నాలుగు ఫ్యాక్టరీలు. వాళ్ళ విలువలు అయిదు."

"విలువలంటే?"

"అంటే, వాళ్ళు పాటించేవి. నాణ్యత, నమ్మకం, శుభ్రత, బృందస్ఫూర్తి, ఇంకొకటి… అదిగో కింద ఉంది చూడు."

"రెండావులకి నాలుగు ఫ్యాక్టరీలా!" అన్నాడు ముందుగదిలోంచి మొగుడు. "ఆ ఆవుల్నే ఇంటర్వ్యూ చేస్తే సరిపోయేది."

"నువ్వుండన్నయ్యా! వదినా, చదువు."

ముక్కమ్మ చదివింది. ఆవులు గుర్తున్నాయి, విలువలు నిలవలేదు. నమ్మకం చెబితే శుభ్రత జారేది, శుభ్రత పట్టుకుంటే బృందం పారిపోయేది. మధ్యాహ్నానికి కాగితాలు మడిచి ఫ్రిజ్ మీద పెట్టి, చెప్పులేసుకుని బయల్దేరింది.

"ఎక్కడికి?" అన్నాడు మొగుడు.

"కంపెనీ గురించి తెలుసుకోడానికి."

వీధి చివర కొట్టాయన ఆదివారం ఒంటిపూటే తెరుస్తాడు. ఆమె వెళ్ళేసరికి తలుపు సగం దించి, లోపల ఏదో కడుగుతున్నాడు. "ఏంటమ్మాయ్, ఈ వేళప్పుడు?" అంటూ ఆ డెయిరీ ప్యాకెట్టు ఒకటి బుట్టలోంచి తీసిచ్చాడు. అప్పట్నించి రోజూ పొద్దున్నే అదే కొట్టు, అదే డెయిరీ, ఒక ప్యాకెట్టు.

ఇంటికి తెచ్చి ఆమె చేసే తతంగం చూడాల్సిందే. ముందుగదిలో వార్నిష్ డబ్బా మూత పెట్టించేది. కిటికీ తెరిచేది. ప్యాకెట్టు మూల కత్తిరించి, స్టీలు గ్లాసులోకి కాసిని పాలు ఒంపి, మూత పెట్టి, వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టేది. వంద అంకెలు లెక్కపెట్టి, మూత ఎత్తి లోపలివైపు పీల్చేది. ఆ తర్వాతే నాలుక మీద ఒక చుక్క. పాత నోటు పుస్తకంలో తారీఖు, ప్యాకెట్టు మీద అచ్చేసిన బ్యాచి నంబరు, పక్కన ఒక మాట. 'మంచివి.' 'మంచివి, కాస్త కాగిన వాసన.' 'మంచివి.'

"ఏమోయ్, ఇవన్నీ తాగేదెవరు?" అన్నాడు మొగుడు నాలుగో రోజు. "పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగు, సాయంత్రం మళ్ళీ పాలు. నన్ను దూడ అనుకుంటున్నావా?"

"ఉద్యోగం వస్తే మానేద్దురుగానీ."

"రాకపోతే?"

ఆమె పుస్తకం మూసి, గ్లాసు ఆయన ముందుకి జరిపింది. ఆయన ఎత్తి గటగటా తాగేశాడు.

మొదటి వారమంతా కలిపి పుస్తకంలో తేడా ఉన్న రోజు ఒకటే. మొదటి సోమవారం. 'ఘాటు. గచ్చు కడిగే మందు వాసన. సన్నగా.' ఆ రోజు ఆమె మూత మూడుసార్లు ఎత్తింది. గ్లాసు కడిగి మళ్ళీ ఒంపి చూసింది. అదే వాసన. ఆయన గ్లాసు అందుకోబోతూ ఆమె చెయ్యి పట్టుకుని, "ఇదేంటి, పొద్దున్నే ఇల్లు కడిగావా? చేతులు కంపు కొడుతున్నాయి" అన్నాడు. "ఆ పాలే పడ్డాయి" అంది ఆమె, ధ్యాసంతా గ్లాసు మీదే పెట్టుకుని.

ఒక్కరోజైతే ఏదో అనుకుని వదిలేసేది. రెండో సోమవారం కూడా అంతే. 

ఆ సాయంత్రం ఆడపడుచు చివరి పరీక్ష పెట్టడానికి వచ్చింది. ముక్కమ్మ కాగితాల బదులు నోటు పుస్తకం తెరిచి ముందు పెట్టింది.

"తెలుసుకున్నానమ్మాయ్. వీళ్ళు ఆదివారం గొట్టాలన్నీ మందేసి కడుగుతారు. కడిగాక నీళ్ళు సరిగా పోనివ్వట్లేదు. సోమవారం మొదటి పాలకి ఆ వాసన అంటుతోంది. మా కేంద్రంలో ఒకసారి ఇలాగే జరిగింది. రెండు సోమవారాలూ ఇదే."

ఆడపడుచు నోరెళ్ళబెట్టింది. "ఇది చెప్తావా? అక్కడ?"

"అడిగితే చెప్పనా?"

"వదినా, నీకు దణ్ణం పెడతాను. కంపెనీ గురించి తెలుసుకోమన్నది పొగడ్డానికి. వాళ్ళింటికెళ్ళి వాళ్ళ గిన్నె కంపు అంటామా? పిల్లని చూడ్డానికెళ్ళి అత్తగారి పళ్ళు లెక్కపెట్టినట్టుంది!"

"వాసన పట్టేవాళ్ళే కావాలన్నారు కదా వాళ్ళు," అన్నాడు మొగుడు, తీగచుట్ట చేతిలో తిప్పుతూ. "ఇన్నిరోజులు పాలు తాగిన నోటితో చెబుతున్నా, చెప్పకపోతే నాకు మండుతుంది."

"నువ్వు తాగినందుకు ఆవిడ ఉద్యోగం పోవాలా?"

అన్నాచెల్లెళ్ళు వాదించుకుంటూ ఉండగా ముక్కమ్మ కాగితాలు ముందేసుకుని మళ్ళీ విలువలు మొదలుపెట్టింది. రెండూ సిద్ధంగా ఉంటే మంచిది. నాణ్యత, నమ్మకం, శుభ్రత…

బుధవారం పదిన్నరకి పిలిచారు. చల్లటి గది, పొడుగాటి బల్ల, గోడ మీద నవ్వుతున్నట్టున్న ఆవు ఫోటో. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆవిడ. ఆమెకి కుడివైపు మెడకి టై బిగించుకున్న ల్యాబు ఇన్‌చార్జి. ఎడమవైపు ఫ్యాక్టరీ మేనేజరు. పెద్దవయసాయన, నుదుటి మీద టోపీ ఎలాస్టిక్ గీత, కాళ్ళకి రబ్బరు బూట్లు, పనిలోంచి లేచొచ్చినట్టే ఉన్నాడు.

"మా సంస్థ గురించి మీకేం తెలుసు?" అంది మధ్యావిడ.

ఆడపడుచు చెప్పినట్టే వచ్చింది ప్రశ్న. ముక్కమ్మకి కాస్త ధైర్యం వచ్చింది. "రెండు ఆవులతో మొదలైందండీ. ఇప్పుడు నాలుగు ఫ్యాక్టరీలు. విలువలు అయిదు. నాణ్యత, నమ్మకం, శుభ్రత, బృందస్ఫూర్తి…" ఆగింది. అయిదోది గొంతు దాకా వచ్చి వెలక్కాయలా అడ్డంపడింది. ఆమె ఆవు ఫోటో వైపు చూసింది. అదీ ఏం సాయం చెయ్యలేదు.

మేనేజరు కుర్చీలో ముందుకి జరిగాడు. "అది మేం రాసుకున్నదే కదమ్మా. మీరుగా ఏం తెలుసుకున్నారు?"

ఆమె సంచిలోంచి నోటు పుస్తకం తీసింది. తీసేటప్పుడు ఆడపడుచు మొహం కళ్ళముందు కదిలింది. అయినా తెరిచింది. తారీఖులు, బ్యాచి నంబర్లు చదివింది. సోమవారాలు చదివింది. కారణమేమిటని తాననుకుందో చెప్పింది.

ల్యాబు ఇన్‌చార్జి టై సర్దుకున్నాడు. "సార్, ప్రతి ఆదివారం కడిగాక ఆఖరి నీళ్ళు నేనే పరీక్ష చేస్తాను. కాగితాలున్నాయి. ఈవిడ ఇంట్లో గ్లాసులో…"

"కాగితాలు సరేనయ్యా," అన్నాడు మేనేజరు. "ప్రతి బ్యాచి నుంచి రెండు ప్యాకెట్లు చల్లగదిలో దాస్తాం కదా. మొన్న సోమవారానివి తెప్పించు. ఆవిడ చెప్పిన నంబరువే. అమ్మా, మీకేం కావాలి?"

"మూతున్న గ్లాసులు మూడు. వేడినీళ్ళు."

పావుగంటలో అన్నీ బల్ల మీదికి వచ్చాయి. ముక్కమ్మ లేచి నిలబడింది. కూర్చుని ఈ పని ఎప్పుడూ చెయ్యలేదు. కత్తిరించింది, ఒంపింది, మూతపెట్టింది. పెదాలు కదలకుండా వంద లెక్కపెట్టింది. మూత ఎత్తి పీల్చింది.

ఏమీ లేదు.

రెండో గ్లాసు మూత ఎత్తింది. పాల వాసన, పాలకుండే ఆ తియ్యటి వాసన తప్ప ఇంకేం లేదు. మూడోది మరీ నిదానంగా ఎత్తింది, అందులోనైనా ఉంటే బాగుండునన్నట్టు. తన జన్మలో చెడ్డ వాసన కోసం ఆశపడ్డది అప్పుడే.

"నన్నూ చూడనివ్వండి," అని ల్యాబు ఇన్‌చార్జి ఒక మూత తీసుకుని పీల్చాడు. ఇందాకటి ధీమా మొహంలో లేదు. "ఏమో సార్… సన్నగా ఏదో…" మధ్యావిడ కూడా పీల్చి కనుబొమలు ముడిచింది. "అవును, ఉన్నట్టే ఉంది. మందుల వాసనలాంటిది." మేనేజరు పీల్చి, మూత బల్ల మీద పెట్టి ముక్కమ్మ వైపు చూశాడు.

ఒక్క 'ఊఁ' చాలు. ఇద్దరు అప్పటికే ఒప్పేసుకున్నారు. ఆ మాట అంటే ఉద్యోగం ఆమెదే. ఎనిమిది నెలలు కళ్ళముందు తిరిగాయి. పొయ్యి, వార్నిష్, రెండు చోట్ల తల అడ్డంగా ఊపినవాళ్ళు.

"లేదండీ," అంది. "ఏం వాసనా లేదు. నేను ఉందని చెప్పాను కాబట్టి మీకు ఉన్నట్టనిపిస్తోంది. ఇవి మంచి పాలు."

"మరి మీ పుస్తకం?" అన్నాడు మేనేజరు.

"ఆ రెండు సోమవారాలూ వాసన ఉంది. అబద్ధం కాదు. కానీ…" ఆమె తన చేతులవైపు చూసుకుంది. ఇప్పుడు ప్యాకెట్టు కత్తిరించిన వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది. చల్లదనం తప్ప ఏం లేదు. ఆ సోమవారం మొగుడు చెయ్యి పట్టుకుని అన్నమాట అప్పుడు గుర్తొచ్చింది. పాలు ఒక్క చుక్క వేలికి తగిలితే చెయ్యంతా అంత కంపు కొడుతుందా?

"వాసన పాలది కాదండీ, ప్యాకెట్టు పైది," అంది నెమ్మదిగా. "మా వీధి కొట్టాయన ఆదివారం మధ్యాహ్నం కొట్టు మూస్తూ ఫ్రిజ్ కడుగుతాడు. నేను కళ్ళారా చూశాను కూడా. గచ్చు కడిగే మందుతోనే కడుగుతాడేమో. రాత్రంతా తలుపు బిగించి ఉంటుంది. సోమవారం పొద్దున మీ ప్యాకెట్లు అందులో పెడతాడు. పైన తడికి అంటుతుంది. ఒంపేటప్పుడు గ్లాసులోకి దిగుతుంది. పది రోజులూ నేను ఆ ఒక్క కొట్లోనే కొన్నాను. నేను పరీక్ష చేసింది మిమ్మల్ని కాదు, మా కొట్టాయన్ని."

ఎవరూ నవ్వలేదు. ఆమెకే నవ్వు వచ్చినట్టయి, అది సగంలో ఎటో పోయింది.

"పందొమ్మిదేళ్ళు మూత చూడకుండా పాలు చూడలేదండీ. ప్యాకెట్టుకి మూత లేదు కదా అని సరాసరి కత్తిరించేశాను. పైన వాసన చూడాలని తట్టలేదు. తప్పు నాది. మిమ్మల్ని అనవసరంగా అన్నాను."

మేనేజరు కాసేపు నుదుటి మీది గీత రుద్దుకున్నాడు. "ఆ కొట్టు ఎక్కడమ్మా?" అని అడిగి, ఆమె చెప్పింది కాగితం మీద రాసుకున్నాడు. "సరే. మీరు వెళ్ళండి. కబురు చేస్తాం."

కబురు చేస్తామంటే ఏమిటో ఆమెకి బట్టలకొట్లోనే తెలిసొచ్చింది. గేటు దాటాక ఫోను మోగింది. ఆడపడుచు.

"వదినా, ఎలా చేశావ్? విలువలు అయిదూ చెప్పావా?"

"నాలుగు."

"నాలుగైనా ఫర్వాలేదులే. ఆ సోమవారం సంగతి తేలేదు కదా?"

"తెచ్చాను. తర్వాత తప్పని ఒప్పుకున్నాను."

"వదినా… ఇంటికి పద. నేనొస్తా," అంది ఆడపడుచు, పరామర్శకి వచ్చేవాళ్ళ గొంతుతో.

ముక్కమ్మ ఇంటికి వెళ్ళలేదు. వీధి చివర ఆగి, చీర కొంగు బిగించి, నేరుగా కొట్లోకి నడిచింది.

"బాబాయ్, ఫ్రిజ్ తియ్యి."

"ఏం కావాలమ్మాయ్?"

"ఏం వద్దు. తియ్యి."

తలుపు తెరిచి తల లోపల పెట్టింది. బుధవారం నాటికి గాలంతా మారిపోయింది, వాసన పోయింది. కానీ తలుపు చుట్టూ ఉన్న రబ్బరు మడతలో వేలు పెట్టి తీసి చూస్తే, ఉంది. అదే ఘాటు.

"ఆదివారం దీన్ని దేంతో కడుగుతున్నావ్?"

కొట్టాయన బల్లకింద నీలంరంగు సీసా గర్వంగా చూపించాడు. "చాలా ఖరీదైనదమ్మాయ్. ఒక్క చీమ రాదు. ఏం, శుభ్రంగా ఉంచితే తప్పా?"

"చీమ రాదు సరే, పాలు కొన్నవాళ్ళు మళ్ళీ వస్తున్నారా? ఇది గచ్చుకి బాబాయ్, ఫ్రిజ్‌కి కాదు. వేడినీళ్ళలో ఇంత వంటసోడా వేసి తుడువు. తుడిచాక గంటసేపు తలుపు బార్లా తీసి ఉంచు. నీ పుణ్యమా అని ఇవాళ నేను…" తల మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేసుకుంది. అక్కడైతే ఎవరికీ మొహం కనపడదు.

"అయ్యో, ఏమైందమ్మాయ్?" అని కొట్టాయన సీసా పట్టుకుని బిత్తరపోయి నిలబడ్డాడు.

బయట జీపు ఆగింది. టై వదులు చేసుకుంటూ ల్యాబు ఇన్‌చార్జి దిగాడు. చేతిలో మేనేజరు రాసిన కాగితం. ఫ్రిజ్‌లోంచి బయటికి కనిపిస్తున్న చీరను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"మీరిక్కడే ఉన్నారా!"

ముక్కమ్మ తల బయటికి తీసింది. "ఎందుకొచ్చారు?"

"సార్ పంపించారమ్మా. ఈ పక్క నుంచే రెండు నెలలుగా వాసనని ఫిర్యాదులు. మా దగ్గర ఎన్నిసార్లు చూసినా ఏం దొరకట్లేదు. ఆదివారం కడుగుడు మూడుసార్లు చేయించాను. నేనే సరిగా చూడట్లేదని అందరూ… నాకే నా మీద అనుమానం పట్టుకుని…" మిగతాది మింగేశాడు. ఇందాక అంత గట్టిగా ఎందుకు కాదన్నాడో, ఆ తర్వాత లేని వాసన ఎందుకు ఉందన్నాడో ఆమెకి అర్థమైంది. 

అతను ఫ్రిజ్ దగ్గరికి వచ్చి ఒక ప్యాకెట్టు తీసి, జేబులోంచి కత్తెర తీశాడు. ఆమె చప్పున చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగు నాయనా, కత్తిరించకు. నేను చేసిన తప్పే నువ్వూ చేస్తావా? ముందు మూత. అంటే, ఈ తలుపు. ఈ రబ్బరు మడత చూడు."

అతను వంగి పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఈసారి 'ఏమో' అనలేదు. చాలాసేపటి తర్వాత లేచి నిలబడ్డప్పుడు మొహంలో రెండు నెలల బరువు దిగిపోయినట్టుంది.

"సార్ ఇంకో మాట కూడా చెప్పమన్నారు," అన్నాడు. "సోమవారం నుంచి రమ్మన్నారు మిమ్మల్ని. ముందు మూడు నెలలు చూస్తారు. ట్యాంకర్లు తెల్లారగట్ల అయిదుకే వస్తాయి, రాగలరా అని అడగమన్నారు."

ముక్కమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ట్యాంకరుకి మూత ఉంటుందా?" అంది.

"పైన ఉంటుందమ్మా. నిచ్చెన ఎక్కాలి."

"ఎక్కుతాలే."

అప్పటికే రెండు వీధులు పరుగులాంటి నడకతో వచ్చిన ఆడపడుచు, వదిన ఇంట్లో లేకపోయేసరికి అన్నయ్యని వెంటబెట్టుకుని కొట్టు ముందుకి చేరింది. ఆయన చేతికి ఇంకా వార్నిష్ ఉంది. సంగతి తెలిసి ఆడపడుచు వదిన చేతులు పట్టుకుని ఊపేసింది. ఆయన మాత్రం ఫ్రిజ్‌లో వరసగా ఉన్న ప్యాకెట్ల వైపు భయంగా చూశాడు. "ఇంక కొనక్కర్లేదు కదా?"

జీపు ఎక్కబోతున్న ల్యాబు ఇన్‌చార్జిని ముక్కమ్మ ఆపింది.

"బాబూ, ఒక్కటి అడగాలి. మీ విలువల్లో ఆ అయిదోది ఏంటి?"

అతను వేళ్ళు మడిచాడు. "నాణ్యత, నమ్మకం, శుభ్రత, బృందస్ఫూర్తి…" చిటికెన వేలు అలాగే నిలబడిపోయింది. జీపు మీద రాసి ఉందేమోనని పక్కకి చూశాడు. ఆవు బొమ్మ ఉంది.

"సోమవారం చూసి చెప్తానమ్మా," అన్నాడు.